సానపట్టిన మాట

ఒక రాజుకి చెవులు సున్నితం. మాటకి అర్థం ఏమిటన్నది ఆయన తరవాత చూసుకునేవాడు. ముందు దాన్ని నోట్లో వేసుకుని పటికబెల్లంలా చప్పరించేవాడు. నాలుక మీద జారితే మంచి మాట, గొంతులో గీసుకుంటే చెడ్డ మాట.

అందుకని మాటలకి సానపట్టేవాణ్ణి ఒకణ్ణి కొలువులో పెట్టుకున్నాడు. సానవాడు గరుకు మాటలు తీసేసి నున్ననివి ఇచ్చేవాడు. జబ్బు పోయి నలత వచ్చింది. కొరడా దెబ్బలు పోయి, వీణ తీగకి అన్నట్టు, మీటులు వచ్చాయి. మీటులు తిన్నవాడు వీపు తడుముకుంటూనే, "ఎవరేమన్నా అనండి, పేరు మాత్రం బాగుంది" అనేవాడు.

ఆ రాజ్యంలో ఒక ధాన్యపు కొట్టు ఉంది. రాజుగారి తాత కట్టించాడు. కట్టించిన రోజునే కావలివాళ్ళ వంశం చేత ఒట్టు వేయించుకున్నాడు: గుమ్మం ముందు ఎవరైనా నిలబడి "కరువు" అని గట్టిగా అంటే తలుపు తియ్యాలి. ఆ మాట వినబడకపోతే, రాజే వచ్చి ఆజ్ఞాపించినా తియ్యకూడదు. రాజుల సంగతి తాతకి తెలుసు, తనూ రాజే కదా మరి.

వానలు ఎగ్గొట్టిన ఏడాది కరువు అనే మాట సానకి వచ్చింది. రాజు నోట్లో వేసుకుని మొహం చిట్లించాడు.

"మొదటి అక్షరం గొంతుకి అడ్డం పడుతోంది. రెండోది ఇసక నమిలినట్టుంది."

సానవాడు దాని బదులు లేమి అనే మాట తెచ్చి ఇచ్చాడు. రాజు కళ్ళు మూసుకుని అని చూసుకున్నాడు. "లే... మి. ఓరి నీ! పెదాలు ఒకదాన్నొకటి ముద్దుపెట్టుకుంటున్నాయిరా!"

ఆ రోజు నుంచి కరువు రద్దు. జనానికీ కొత్త మాట తెగ నచ్చింది. కొందరు ఆడపిల్లలకి ఆ పేరే పెట్టుకున్నారు.

జొన్నచేను ఎండిపోయిన ఒకామె చంకలో పిల్లతో కొట్టు దగ్గరికి వచ్చింది. పిల్లకి ఏడ్చే ఓపిక కూడా పోయింది.

"లేమి, అన్నా! తలుపు తియ్యి."

"మాట బాగుందమ్మా," అన్నాడు కావలివాడు. "కానీ నా ఒట్టులో ఆ మాట లేదే."

"పోనీ, కరువు."

"అది రద్దయింది. రద్దయిన మాట విన్నా విననట్టే. ఒట్టు తాతగారిది, చెవులు మనవడిగారివి. నన్నేం చెయ్యమంటావు? వెళ్ళి రాజుగారిని అడుగు."

ఆమె సభకి వెళ్ళింది. "ప్రభూ, కరువు అనే మాట మాకు తిరిగి ఇప్పించండి. అదుంటేనే కొట్టు తెరుచుకుంటుంది. పిల్ల దక్కుతుంది."

సభ చెవులు మూసుకుంది. "ఛీ ఛీ, నిండు సభలో ఆ మాటేమిటమ్మా?" అన్నాడు రాజు. "కొత్తది అను."

"లేమి," అంది ఆమె. ఎండిన పెదాల మీద, చాలీచాలని ఊపిరితో, ఆ మాట మంచు రాలినట్టు రాలింది. సభంతా చప్పట్లు.

"ఏం పలుకు! ఏదీ, మళ్ళీ అను!" అని రాజు స్వయంగా లేచివచ్చి ఆమెకి శాలువా కప్పాడు.

"గింజలు ప్రభూ, గింజలు..."

రాజు సానవాడి వైపు తిరిగాడు. "గింజ కూడా కాస్త గరుకుగానే ఉందోయ్. చూడు."

ఆమె పిల్లని శాలువాలో చుట్టి ఇంటికి తీసుకెళ్ళింది. ఆ శాలువాలోనే పూడ్చింది.

ఆ తరవాత సానవాడు మాటల్ని వదిలి నాలుకల మీద పడ్డాడు. కొలువులో అందరూ గొంతులోంచి వచ్చే అక్షరాలూ, ఇసకలా గరగరలాడే అక్షరాలూ మానేశారు. మొదట మానుకున్నారు, పోనుపోను అవే రాకుండా పోయాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఒక ముసలాయన గొణిగాడు గాని, వినడానికి ఊళ్ళలో మనుషులేరీ? అంతా వలసపోయారు.

వానలు మళ్ళీ రాలేదు. కోటలో పొయ్యి కూడా ఆరిపోయింది. రాజు కొలువునంతా వెంటబెట్టుకుని, కాళ్ళీడ్చుకుంటూ కొట్టు దగ్గరికి నడిచాడు.

"నేటి నుంచి పాత మాట చెల్లుతుంది," అన్నాడు.

కావలివాడు గడియ మీద ఒక చెయ్యి, చెవి దగ్గర ఒక చెయ్యి పెట్టుకున్నాడు. "అయితే అనండి."

రాజు నోరు తెరిచాడు. "అ... అలువు."

సానవాడు ప్రయత్నించాడు. "తలువు." మంత్రి దగ్గి ఊరుకున్నాడు.

"నువ్వే అనవయ్యా!" అని అరిచాడు రాజు.

"నేను వినేవాణ్ణి ప్రభూ. అనేవాణ్ణి కాను."

అప్పుడు ఆమె కనబడింది. గుమ్మం పక్కనే కూర్చుని ఉంది, చంక ఖాళీగా. రాజు వెళ్ళి ఆమె ముందు చేతులు జోడించాడు.

"నీ నోట ఉందమ్మా ఆ మాట. అను తల్లీ."

ఆమె లేచింది. తలుపు కేసి చూసింది. రాజు కేసి చూసింది. గొంతు సవరించుకుంది.

"లేమి," అంది.

ఎంత మెత్తగా అందంటే, ఆకలి మరిచిపోయి వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.