లోపలి ముఖాన మూడు చుక్కలు

దస్తగిరి ఉస్తాద్‌ను ప్రశ్న అడిగితే జవాబు నోటితో వచ్చేది కాదు. కార్బురేటరు ఎందుకు పొంగుతుందని అడిగినవాడి చేతిలో కార్బురేటరే విప్పి పెట్టేవాడు. బోల్టు ఎంత బిగించాలని అడిగితే తెగేదాకా బిగించమనేవాడు. తెగాక, "దీనికి పిసరంత ముందర ఆపాల" అనేవాడు. నంద్యాలలో పాత మోటారుసైకిళ్లకు ఆయన షెడ్డే పెద్ద దిక్కు. అక్కడ పనికి చేరినవాళ్లలో సగంమంది ఆ మౌనానికి తట్టుకోలేక ఆరు నెలలకే వేరే దారి చూసుకున్నారు. తొమ్మిదేళ్లు నిలిచినవాడు ఓబులేసు ఒక్కడే. ముప్పై నాలుగేళ్లవాడు, పెళ్లాం పిల్లలు గలవాడు, పని తెలిసినవాడు. ఉస్తాద్ అంటే వాడికి ప్రాణం. వచ్చిన చిక్కంతా ఆ ప్రాణంతోనే వచ్చింది.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. ఇంజనుకు గుండెకాయ క్రాంకు. రెండు బరువైన ఇనుప చక్రాలు, వాటిని కలుపుతూ మధ్యన ఒక పిన్ను. అరిగితే చక్రాలు విడదీసి, కొత్త పిన్ను దిగేసి, వెంట్రుకవాసి వంకర లేకుండా మళ్లీ కలపాలి. ఆ పనికి పూచీ పడేవాడు చక్రం లోపలి ముఖాన పంచి అనే మొన ఉలిని ఆనించి, సుత్తితో తన గుర్తు కొడతాడు. బండి గలాయనకు అది జన్మలో కనపడదు. ఏనాడో ఇంకొకడు విప్పితే, ఆ విప్పినవాడికే కనపడుతుంది. ఉస్తాద్ గుర్తు మూడు చుక్కలు. ఓబులేసు తన చేత్తో కలిపిన క్రాంకులు వందకు తక్కువ ఉండవు గానీ, సరిచూసి చుక్కలు కొట్టేది మాత్రం ఉస్తాదే.

ఒకనాడు టీ తాగుతూ అడిగేశాడు. "ఉస్తాదూ, నా గుర్తు నేనెప్పుడు కొట్టుకోవాల?"

ఉస్తాద్ గ్లాసు కడిగి బోర్లించి, లేచి పనిలోకి వెళ్లిపోయాడు. అడగకపోయినా బాగుండేదని ఓబులేసు ఆ రోజంతా నొచ్చుకున్నాడు.

ఆ మరుసటి వారం చెన్నకేశవులు గారు ఒక పాత మోటారుసైకిలును ట్రాలీ ఆటోలో వేయించుకుని వచ్చారు. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు ఆ బండి మీదే చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి గొడ్లకు సూదులు వేశారు. పదకొండేళ్ల కిందట భార్య సుంకమ్మను ఎక్కించుకుని ఆమె పుట్టిల్లు గిద్దలూరుకు పోతుంటే, నల్లమల ఘాటులో ఇంజను ఉన్నట్టుండి పట్టేసింది. ఇద్దరూ పడ్డారు. ఆయనకు గీతలతో పోయింది. ఆమె కుడిచెయ్యి విరిగి, వంకరగా అతుక్కుంది. దారిన పోయే మెకానిక్ ఎవరో బండిని చూసి, నూనె లేక పట్టేసిందన్నాడట. ఆనాటి నుంచి బండి గోనెపట్టాల కింద ఉంది. ఆ మాట ఆయన గుండెల మీద ఉంది.

"మా ఆమే బాగుచేయించమన్యాది," అన్నారు చెన్నకేశవులు గారు. "పోయేలోగా ఒక్కసారి అదే బండి మీద పుట్టింటికి పోవాలంట. చేద్దాం గానీ, ఓబులేసూ, నాకొకటి చెప్పాల నువ్వు. ఇంజను విప్పినాక చూసి చెప్పు. నూనె లేకనేనా పట్టేసింది? నాకు నూనె పోసినట్టే గుర్తు. ఎవరికి చెప్పినా నమ్మరు. ఇప్పుడు నాకే నమ్మకం లేదు."

ఓబులేసు ఉస్తాద్ వైపు చూశాడు. ఆయన బండినే చూస్తున్నాడు. చాలాసేపు చూసి, "నువ్వే విప్పు. ఏం కనపడితే అది సారుకు చెప్పు" అని, నమాజు వేళైందని మసీదుకు బయలుదేరాడు. అంత పాత ఇంజనును ఒంటరిగా తనకు వదిలేయడం అదే మొదటిసారి. అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు కాబోలు అనుకుని ఓబులేసు పొంగిపోయాడు.

రెండు రోజులు పట్టింది విప్పడానికి. మూడో రోజు పొద్దున చక్రాలు విడదీశాడు. నూనె అందని ఇనుము మాడిన పెనంలా నీలంగా కమిలిపోతుంది. ఇక్కడ ఎక్కడా నీలం లేదు. పిన్ను దిగే బెజ్జం మాత్రం ఒరుసుకుపోయి వెడల్పైంది. ఆ వెడల్పును కప్పిపెట్టడానికి ఎవరో పిన్ను చుట్టూ సన్నటి డబ్బా రేకు చుట్టి బిగించారు. రేకు నలిగిపోయి, పిన్ను జారి, చక్రాలు పక్కకు తిరిగి ఇంజను పట్టేసింది. ఎవడో చేతకాని వెధవ చేసిన పని అని తిట్టుకుంటూ గుడ్డతో చక్రం తుడిచాడు. జిడ్డు కింద నుంచి మూడు చుక్కలు బయటపడ్డాయి.

తొమ్మిదేళ్లుగా ఏ చేతిని చూసి పని నేర్చుకున్నాడో ఆ చెయ్యి రేకు చుట్టిందంటే నమ్మలేకపోయాడు. నమ్మక తప్పలేదు. కాసేపటికి తేరుకుని, ఇది బయటికి పొక్కకూడదని గట్టిగా అనుకున్నాడు. దారి కూడా దొరికింది. బెజ్జం పెద్దది చేసి లావుపాటి పిన్ను వేస్తే ఈ చక్రాలే పనికొస్తాయి, కానీ చుక్కలు వాటి మీదే ఉండిపోతాయి. క్రాంకు మొత్తం మార్చేస్తే పాతది పాతినుము కొనేవాడి కాటాకు పోతుంది, దాంతోపాటే ఈ సంగతీ పోతుంది. వెంటనే చెన్నకేశవులు గారికి ఫోన్ చేసి, "బాగుచేస్తే నిలవదు సారూ, మారుద్దాం" అన్నాడు.

"సరే మార్చు. పాతది మాత్రం పారెయ్యొద్దు. నేనొచ్చి తీసుకుపోతా. మా ఆమెకు చూపించాల."

ఇది వాడు అనుకోలేదు. ఉస్తాద్ ఇంకా రాలేదు. ఓబులేసు గ్రైండరు తీసి మూడు చుక్కలనూ అరగదీశాడు. ఆ చోట ఇనుము కొత్త రూపాయి బిళ్లలా తళతళలాడింది.

మధ్యాహ్నం చెన్నకేశవులు గారు వచ్చేసరికి ఉస్తాద్ బెంచీ దగ్గర ఏదో పని చేసుకుంటున్నాడు. పెద్దాయన కూర్చోనైనా కూర్చోకుండా అడిగారు. "చూసినావా?"

ఓబులేసు పాత చక్రాలను ఆయన ముందు పెట్టాడు. "చూసినా సారూ. నూనే. నూనె అందలా."

చెన్నకేశవులు గారు తల ఊపారు. ముఖంలో ఉన్న కాస్త ఆశా చల్లారిపోయింది. "అంతేలే," అన్నారు. "మరిచిపోయింటా. మా ఆమె ఆ వంకర చేత్తోనే ఇన్నేండ్లూ నాకు అన్నం పెట్టింది, ఒక్క మాట అనకుండా." ఓబులేసుకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది, అయినా చెప్పిన అబద్ధం వెనక్కి తీసుకోలేదు.

ఉస్తాద్ చేతులు తుడుచుకుని వచ్చాడు. చక్రాన్ని ఎత్తి వెలుతురుకు పట్టుకున్నాడు. తళతళలాడే చోట బొటనవేలు పెట్టి, మెల్లగా రాశాడు. ఓబులేసు వైపు చూడలేదు.

"సారూ, నూనె కాదు. నువ్వు నూనె పోసినావు. ఇది నా పని," అన్నాడు. "నువ్వు పడడానికి ముందర, క్రాంకు పనికి ఈ బండి నా దగ్గరకే తెచ్చినావు. ఆ యేడు గొడ్లకు గాలికుంటు రోగం వచ్చింది. మద్రాసు నుంచి పిన్ను రావడానికి మూడు వారాలన్నారు. నీకు ఊర్లు తిరగాల. రేకు చుట్టి బిగించినా. పిన్ను రాగానే పిలిచి మారుద్దామనుకున్నా. పిన్ను వచ్చింది, నేను పిలవలేదు. నువ్వు పడినావని తెలిసినప్పుడు నాకు అనుమానం రానే వచ్చింది. విప్పి చూద్దామని మీ ఇంటికి రాలేదు. ఎవరో నూనె అన్నారంటే, పోనీలే అని ఊరుకున్నా."

చెన్నకేశవులు గారు అప్పటికి కూర్చున్నారు. "పదకొండేండ్లు దస్తగిరీ. ఆమె ముందర తలెత్తి కూర్చోలేదు నేను."

ఉస్తాద్ బెంచీ దగ్గరికి వెళ్లాడు. పంచి, సుత్తి తీసుకుని, అరగదీసిన చోటు పక్కనే మూడు దెబ్బలు కొట్టాడు. మూడు చుక్కలు పడ్డాయి. చక్రాన్ని రెండు చేతులా పెద్దాయనకు అందించాడు. "సుంకమ్మకు ఇది చూపించు. నేనూ వస్తా, రమ్మంటే."

ఆయన రమ్మనలేదు, వద్దనలేదు. చక్రాన్ని కండువాలో చుట్టుకుని, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఎండలో నడిచి వెళ్లిపోయారు. బండి మళ్లీ ఆ షెడ్డులోనే బాగుపడుతుందో లేదో గురుశిష్యులిద్దరికీ తెలియదు.

ఓబులేసు కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. "మీ పేరు పోగూడదనే చేసినా ఉస్తాదూ."

ఉస్తాద్ పంచిని తుడిచి డబ్బాలో పెట్టాడు. ఆనాడు టీ తాగుతూ వాడు అడిగినదానికి ఈసారి మాత్రం నోటితోనే జవాబు చెప్పాడు.

"ఆ చక్రం మీద ఇప్పుడు రెండు గుర్తులు ఉండాయి ఓబులేసూ. మూడు చుక్కలు నావి."