నడుమెక్కిన మోకాలు

కుంభగిరి రాజుగారికి ఉన్నట్టుండి నాగరికత మీద మోజు పుట్టింది. బట్టల కొలతలకు కొత్త పేర్లు పెట్టమన్నారు. ఆ పని శబ్దకేసరి భైరవభట్టుకు దక్కింది. ఆయనేం తక్కువ తిన్నాడా? పేర్లు అలాగే ఉంచి అర్థాలు మార్చేశాడు.

"ఇకమీదట 'పాదాల దాకా' అంటే మోకాళ్ల దాకా. 'మోకాళ్ల దాకా' అంటే నడుం దాకా. ఇదే నవనాగరికం!" అని సభలో చదివాడు.

అందరూ ఆహా అన్నారు. ఎవరికీ బోధపడలేదు, అందుకే మరీ గట్టిగా అన్నారు.

అంతఃపురంలో బట్టలు కుట్టే గౌరాంబకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. రాకుమారి నాట్యానికి పాదాల దాకా పరికిణీ కావాలంటే, పాపం, పాదాల దాకానే కుట్టింది.

భట్టు నిండుసభలో గౌరాంబకు తన కొత్త అర్థాలు రెండూ చదివి వినిపించి పకపకా నవ్వాడు. "మాటకు అర్థం తెలియనిదాని చేతికి కత్తెర ఎవరిచ్చారు ప్రభూ?"

రాజుగారికి తల కొట్టేసినట్టయింది. "రేపటి నుంచి కోట గడప తొక్కకు" అన్నారు గౌరాంబతో.

ఇరవై ఏళ్లుగా నమ్ముకున్న పని! గౌరాంబకు ఒళ్లు మండింది.

"పోయేముందు ఒక పని" అన్నారు రాజుగారు. "రేపు భట్టుగారిని ఏనుగు మీద ఊరేగిస్తాం. ఎక్కడానికి వీలుగా మోకాళ్ల దాకా పట్టు లాగు కుట్టు."

"అలాగే ప్రభూ. అయ్యగారి అర్థానికి వెంట్రుకవాసి తేడా రానివ్వను."

"ఇప్పటికి బుద్ధొచ్చింది!" అని భట్టు మీసం దువ్వాడు.

మర్నాడు ఏనుగు సిద్ధం. ఊరంతా కోట ముందే ఉంది. గౌరాంబ వెండి పళ్లెం తెచ్చి భట్టు ముందు పెట్టింది. పైగుడ్డ తీస్తే లోపల ఒకే ఒక్క పట్టు బొందు.

"లాగేదే?" అని గుడ్లురిమాడు భట్టు.

"అదేనండి. లాగు మొదలయ్యేది నడుం దగ్గర. తమరి 'మోకాళ్ల దాకా' ఆగేదీ నడుం దగ్గరే. ఇక గుడ్డకు చోటెక్కడుంది?"

రాజుగారు నవ్వు ఆపుకుంటూ, "కట్టుకోండి భట్టుగారూ, ఏనుగు నిలబడే ఉంది" అన్నారు.

భట్టు బొందు వంక చూశాడు. ఏనుగు ఎత్తు చూశాడు. కింద జనాన్ని చూశాడు. ముచ్చెమటలు పోశాయి.

"ప్రభూ! మోకాలంటే మోకాలే!"

"మరి పాదాలో?" అంది గౌరాంబ.

"పాదాలే తల్లీ, పాదాలే!"

జనం గొల్లుమన్నారు. రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, గౌరాంబ పని గౌరాంబకే ఇచ్చి, పాదాలు కప్పేంత పట్టుచీరతో ఆమెనే ఏనుగెక్కించారు.

బొందు మాత్రం భట్టుగారికే బహుమానం.