కూర్చోనన్న కోడి

కొండమాంబ ఎవరేమి అడిగినా వెంటనే జవాబు చెప్పేది కాదు. అడిగినవారి చేతికి ఏదో ఒక పని ఇచ్చేది. కొండ పాదాన నాలుగు కొట్టాలు, ఒక బావి, ఇదీ ఆమె ఆశ్రమం. అందులో కోళ్లు కూడా ఉండేవి. ఆమె గుడ్డు ముట్టదు, కోడిని కోయనివ్వదు. గుడ్లలోంచి పిల్లలు లేస్తే వాటిని అడిగిన పేదవారికి ఇచ్చేస్తుంది.

ఆ చలికాలంలో చెన్నకేశవులు అనే డ్రిల్లు మాస్టరు, ఉద్యోగ విరమణ చేసి, ఆమె దగ్గర శిష్యరికానికి వచ్చాడు. ఒక్క ఈలతో మూడు వందల మంది పిల్లలను కూర్చోబెట్టిన మనిషి. వచ్చిన రోజే చీపురు పట్టాడు. వంటకొట్టం వెనక, కోళ్ల గూటి పక్కనున్న బూడిద కుప్పను ఎత్తి వంక నీళ్లలో పోయించి, ఆ చోట సున్నపు పొడితో నిటారుగా గీతలు గీశాడు. నెల తిరిగేసరికి ఆశ్రమమంతా ఆయన చెప్పినట్టు విన్నది, ఆయన మనసు తప్ప. ధ్యానానికి కూర్చోవడం, ఐదు నిమిషాలకే లేవడం.

"అమ్మా, ఎంత అల్లరి పిల్లోణ్నయినా కూచోబెట్టినాను. నా మనసును మాత్రం కూచోబెట్టలేకున్నాను. ఎందుకిట్లా?" అని ఒక ఉదయం అడిగాడు.

"ఎర్రకోడి ఈ రోజే గుడ్ల మీద కూచునింది. పదకొండు గుడ్లు. పిల్లలు లేచేదాకా చూసుకో సారూ" అన్నదామె.

తన ప్రశ్నకు కోడి అడ్డం వచ్చినందుకు ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. అయినా వేళకు నూకలు, నీళ్లు పెట్టాడు, రోజూ గూడు ఊడ్చాడు. పధ్నాలుగో నాడు ఒక గుడ్డును తీసి, కొట్టం కప్పులోంచి పడే ఎండపొడకు ఎదురుగా పట్టి చూస్తే లోపల నల్లగా ఏదో కదిలింది. ఆ కదలికను చూసిన తరువాత ఆ పని ఆయనకు ప్రాణమైపోయింది.

పదహారో నాడు కోడి లేచింది. మళ్లీ కూర్చోలేదు. ఆయన బతిమాలాడు, బెదిరించాడు, చివరికి అలవాటు కొద్దీ ఈల కూడా ఊదాడు. కోడి గూటి పైకప్పెక్కి, మెడ వాల్చి ఆయన వంక చూసింది. పట్టి తెచ్చి గుడ్లున్న గంపలో కుదేసి, పైన ఇంకో గంప బోర్లించి రాయి పెట్టాడు. లోపల రెక్కల పెనుగులాట. భయపడి ఎత్తి చూసేసరికి ఒక గుడ్డు పగిలి ఉంది. అందులో ఉన్నది పిల్ల అనడానికీ లేదు, కాదనడానికీ లేదు. తక్కిన పదింటి మీద అరచెయ్యి పెట్టాడు. వెచ్చదనం జారిపోతూ ఉంది.

"అమ్మా, దానికి నిలకడ లేదు! గుడ్లు చల్లబడతాండాయి!" అంటూ పరుగెత్తాడు.

"ఎన్ని దినాలు కూచునింది?"

"పదిహేను."

"నిలకడ లేంది పదిహేను దినాలు కూచునిందా! నీ బడి పిల్లోళ్లు ఎవరన్నా అట్ల కూచున్నారా సారూ?"

ఆమె నవ్వుతూనే గుడ్లను తన కంబళిలో చుట్టి పొయ్యి పక్కన వెచ్చగా పెట్టింది. గూటి దగ్గరికి వచ్చి, "ఊడుస్తాండావా?" అని అడిగింది.

"నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చమ్మా."

"నేల సరే. కోడి కూచునేది నేల మీద కాదే."

ఆయన భుజం మీది తెల్లని తువాలు తీసుకుని, గంప అల్లికల సందుల్లో, గూటి కర్రలు గోడలోకి దిగేచోట గట్టిగా అదిమి తుడిచింది. తువాలు నిండా ఎర్రటి గీతలు.

"కోడిపేలు. పగలు సందుల్లో దాక్కుంటాయి, చీకటైతే నెత్తురు తాగుతాయి. పిల్లల మీది ప్రేమతో అన్నాళ్లు ఓర్చుకునింది."

"మరి ఇంతకు ముందు లేవే?"

"ముందు దాని స్నానం అది చేసుకుంటాండె."

ఆమె చూపు సున్నపు గీతల మీద ఆగింది. బూడిద కుప్పను వంకలో పోయించిన మనిషికి వేరే చెప్పవలసిన పని లేకపోయింది.

పాత గడ్డి కాల్చేశారు. సందుసందునా సలసల కాగే నీళ్లు పోశారు, సున్నం పూశారు. కొత్త గంపలో కొత్త గడ్డి, దాని కింద వేపాకు. చెన్నకేశవులు పొయ్యిలోని చల్లారిన బూడిదంతా తెచ్చి తన గీతల మీదే కుమ్మరించాడు. పోసీ పోయకముందే ఎర్రకోడి అందులోకి దూకింది. పొర్లింది, కాళ్లతో చిమ్మింది, రెక్కలతో విసిరింది. ఆయన ఇస్త్రీ చొక్కా, మీసం, కనుబొమలు అన్నీ బూడిదే. "ఇప్పుడు నిజంగా సన్యాసివైతివి సారూ!" అని కొండమాంబ కడుపు పట్టుకుని నవ్వింది. ఆయనకూ నవ్వాగలేదు. కోడి ఒళ్లు దులుపుకుని తనంతట తానే గంపలోకి నడిచి వెళ్లి, ముక్కుతో గుడ్లు సర్దుకుని కూర్చుంది. ఈల ఎవరూ ఊదలేదు.

ఇరవై రెండో నాటి ఉదయం గంపలో తొమ్మిది పిల్లలు కిచకిచమన్నాయి. చెన్నకేశవులు గూటి ముందు నేల మీదే కూర్చున్నాడు. పొద్దు నెత్తికెక్కింది. భోజనానికి రెండుసార్లు పిలిచినా ఆయనకు వినపడలేదు. మూడోసారి కొండమాంబే వచ్చి పక్కన నిలబడింది.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "అమ్మా, ఆ రోజు నేనడిగినదానికి జవాబు దొరికింది."

"దొరికిందా? మంచిది" అన్నదామె, ఒక పిల్లను అరచేతిలోకి తీసుకుంటూ. "రేపు మళ్లీ సందుల్లో తువాలు పెట్టి చూడు."