జెండా పాతనివ్వని మడచెట్టు

ఒక రాజుకి తన రాజ్యంలో ఏది నేలో, ఏది సముద్రమో తేల్చేయాలనిపించింది. నేలకి ఆకుపచ్చ జెండా, సముద్రానికి నీలం జెండా కుట్టించాడు. మూడో రంగు గుడ్డ దొరక్క కాదు, మూడోదొకటి ఉంటుందని ఆయనకి తోచక.

ఈ కథ చెప్పేవాడికి గట్టు మీద తిన్నగా నడవడం రాదు, నీళ్ళలో దిగితే తేలడం రాదు. కాబట్టి రాజుని చూసి మరీ ఎక్కువ నవ్వడు.

జెండా కావాలంటే ప్రతి చోటూ ముందు రాజుగారి ప్రశ్న ఒకదానికి జవాబు చెప్పాలి. నిన్ను పెంచిందెవరు? అడవి వాన పేరు చెప్పింది. ఎడారి ఎండ పేరు చెప్పి, వాన ఊసెత్తగానే మొహం తిప్పుకుంది. చెట్లకి చాలనంత, తనకి సరిపోయేంత వాన తనదని గడ్డిమైదానం గొప్పలు పోయింది. మంచుకొండ వణుకుతూనే చలి పేరు చెప్పింది. సముద్రం పైపొర వెలుతురుకి దణ్ణం పెట్టింది. అడుగున ఉన్న చీకటి మాత్రం పైవాళ్ళు తినగా రాలిందే తన బతుకని ఒప్పుకుంది. అందరికీ జెండాలు అందాయి.

ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్న మడచెట్టు ఒక్కటే మిగిలింది.

కొలతలు వేసే ఉద్యోగి గొలుసు భుజాన వేసుకుని అక్కడికి వెళ్ళి, పొద్దున్నే ఆకుపచ్చ జెండా పాతాడు. అన్నం తిని వచ్చేసరికి పోటెక్కి జెండా మునిగిపోయింది. పడవలోంచి నీలం జెండా పాతాడు. సాయంత్రం నీరు తీసేసరికి అది బురదలో నిలబడి ఉంది, కర్ర మీద ఒక పీత కూర్చుంది. ఆ పీతకే ఉద్యోగం ఇస్తే పని త్వరగా తెములుతుందని కోటలో రాజుగారి పల్లకీ బోయీలు చెవులు కొరుక్కున్నారు.

సంగతి విని రాజు గొడ్డలివాణ్ణి వెంటబెట్టుకుని పల్లకీలో బయల్దేరాడు. ఆయన వచ్చేవేళకి నీరు తీసి ఉంది. ఉద్యోగి భయంకొద్దీ మళ్ళీ ఆకుపచ్చ జెండాయే పాతి ఉంచాడు. జెండా ఉంది కాబట్టి నేల ఉన్నట్టేనని రాజు పల్లకీ దిగి, చెట్టు దాకా నడిచాడు.

"నిన్ను పెంచిందెవరు?"

"ఒకరైతే చెప్పేదాన్నే," అంది చెట్టు. "ఏరు తీపినీళ్ళు పోసింది, సముద్రం ఉప్పునీళ్ళు పోసింది. ఎండ కాసింది, బురద పట్టుకుని నిలబెట్టింది. ఒకరి పేరే చెప్పి మిగతావాళ్ళ మొహం ఎలా చూడను?"

"ఒక్క పేరు చెప్పు. లేకపోతే కొట్టించేస్తాను."

"కొట్టించండి. అబద్ధం మాత్రం చెప్పించలేరు."

రాజు చెయ్యెత్తాడు. గొడ్డలివాడు రెండడుగులు ముందుకొచ్చి, కాళ్ళకి తడి తగిలి కిందికి చూశాడు. పోటు మొదలైంది. రాజు వెనక్కి తిరగబోతే బురద పాదాలు వదల్లేదు. నీరు మోకాళ్ళు దాటింది, నడుముకొచ్చింది. వచ్చి ఎత్తుకోమని రాజు బోయీల్ని పిలిచాడు. బోయీలు గట్టు మీదే వంగి వంగి దణ్ణాలు పెట్టి, ప్రభువుల్నే ఇటు రమ్మన్నారు. ఆకుపచ్చ జెండా ఎప్పుడు మునిగిందో ఎవరూ చూడలేదు.

బురదలోంచి పైకి లేచిన చెట్టు వేరు ఒకటి చేతికందితే రాజు గట్టిగా పట్టుకున్నాడు. పక్క వేరుని కావలించుకుని గొడ్డలివాడు వేలాడుతున్నాడు.

"మహారాజా," అన్నాడు వాడు వినయంగా, "ఇప్పుడు కొట్టమంటారా?"

నీరు రాజు గడ్డం దాకా వచ్చింది.

"ఒక్క మాటలో చెప్పండి ప్రభూ," అంది చెట్టు.

రాజు రెండో చెయ్యి కూడా వేరుకి చుట్టాడు. అప్పుడే, కొమ్మ మీదే మొలకెత్తిన పిల్లమొక్క ఒకటి తల్లిని వదిలి నీళ్ళలోకి దూకింది. ఆయన గడ్డం కింది నుంచి తేలుకుంటూ సాగిపోయింది. ఎటు వెళుతున్నావని దాన్ని ఎవరూ అడగలేదు. అడిగినా ఆగేలా లేదు.