నలభై వయొలిన్లు

సుధీంద్ర కట్టిన సంగీతాన్ని డైరెక్టరు మూడోసారి కూడా వెనక్కి పంపాడు.

"బావుంది సర్. చాలా బావుంది," అన్నాడు ఆ డైరెక్టరు. పేరు లోహిత్. అతనికి ఇదే మొదటి సినిమా. "కానీ సీన్ పోతోంది. మ్యూజిక్ లేకుండా చూస్తే ఏడుపొస్తోంది. మీ మ్యూజిక్ వేసి చూస్తే ఏమీ అవట్లేదు. ఎందుకని అడక్కండి, నాకూ తెలీదు."

"ఇంకోటి చేస్తాను," అన్నాడు సుధీంద్ర.

"శుక్రవారం లోపు ఇవ్వండి. ఆపైన ప్రొడ్యూసర్ గారు నా మాట వినరు."

సినిమాకి పాటలు చేసింది వేరే ఆయన. సుధీంద్రది రీరికార్డింగ్. అంటే మాటల వెనకా, మాటలు లేని చోటా నడిచే సంగీతం. హాల్లో జనం దానికి ఏడుస్తారు, భయపడతారు, ఊపిరి బిగబడతారు. బయటికి వచ్చాక విన్నామన్న సంగతి కూడా గుర్తుండదు.

వెనక్కి వచ్చింది నాలుగు నిమిషాల సన్నివేశం. చేపల రేవు. వేటకి వెళ్ళిన పడవలన్నీ తిరిగొచ్చాయి, ఒకటి రాలేదు. కుల పెద్ద ఒకాయన, ఆ పడవలో వెళ్ళినవాడి గుడిసె దగ్గరికి వచ్చి, ఒడ్డుకి కొట్టుకొచ్చిన టిఫిన్ క్యారియర్ని గుమ్మంలో పెట్టి, తలొంచుకుని వెళ్ళిపోతాడు. ఆ వెళ్ళినవాడి భార్య, ఇంకా చిన్నపిల్ల, దాన్ని తీసుకుంటుంది. గిన్నెలు విప్పుతుంది. ఇసక కడుగుతుంది. ఒక్కొక్కటీ కొంగుతో తుడిచి, మళ్ళీ బిగించి, అరలో ఎప్పుడూ పెట్టే చోట పెడుతుంది. అప్పుడు ఆమె నోట్లోంచి ఒక చప్పుడు వస్తుంది. అంతే.

ఆ నాలుగు నిమిషాలకీ సుధీంద్ర నలభై వయొలిన్లు పెట్టాడు.

ఏడు నెలల కిందట రాజోలులో అతని తల్లి పోయింది. ఒక్కడే కొడుకు. చెయ్యాల్సినవన్నీ చేశాడు. పదిరోజులూ కంట్లోంచి చుక్క రాలేదు. "గుండె రాయి చేసుకున్నాడు పాపం," అన్నారు బంధువులు. హైదరాబాదు తిరిగొచ్చాకా రాలేదు. అన్నం తింటున్నా, పని చేస్తున్నా, ఒంటి మీద తడిగుడ్డ ఆరకుండా అలాగే ఉన్నట్టుండేది. లోహిత్ ఈ సన్నివేశం చూపించిన రోజున మటుకు, ఇంటికొచ్చి కీబోర్డు ముందు కూర్చోగానే చేతులు వాటంతటవే నడిచాయి. ఏడు నెలలుగా రానిదంతా ఆ నాలుగు నిమిషాల్లోకి వచ్చి పడింది.

తల్లి కోసం అతను ఏడ్చిన ఏడుపు అదొక్కటే. దాన్నే పనికిరాదన్నారు.

రెండోసారి స్వరాలు మార్చాడు. మూడోసారి నడక మార్చాడు. నాలుగోసారి మార్చడానికి ఏమీ మిగల్లేదు. కీబోర్డు ముందు కూర్చుంటే వేళ్ళు చచ్చుబడినట్టు ఉండిపోయేవి. గురువారం రైలెక్కి, శుక్రవారం పొద్దున మద్రాసులో దిగాడు.

దైవసహాయం మాస్టారు అక్కడ సాలిగ్రామం పేటలో ఉంటారు. ఎనభై దాటాయి. బాపట్ల దగ్గర ఒక పల్లెలో, ప్రార్థనల్లో హార్మోనియం వాయిస్తూ పెరిగి, పద్దెనిమిదో ఏట మద్రాసు వచ్చారు. ఆయన రీరికార్డింగ్ రాసిన సినిమాలు నూట యాభై పైనే ఉంటాయి. చాలావాటి టైటిల్స్‌లో ఆయన పేరు లేదు. సుధీంద్ర ఆయన దగ్గర ఆరేళ్ళు ఉన్నాడు. ఆ ఆరేళ్ళలో కూర్చోబెట్టి చెప్పిన పాఠం ఒక్కటీ లేదు. సంగీతం వెయ్యని సన్నివేశం చూపించి, "ఏం వినబడింది?" అని అడిగేవారు. "ఇంకా ఏమీ వెయ్యలేదు కదా మాస్టారూ" అంటే, "అయితే మళ్ళీ చూడు" అనేవారు.

"చిక్కిపోయావేంరా," అన్నారు తలుపు తీసి.

సుధీంద్ర లాప్‌టాప్ బల్ల మీద పెట్టి సన్నివేశం వేశాడు. మాస్టారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నాలుగు నిమిషాలూ కదలకుండా చూశారు. క్యారియర్ గుమ్మంలో పెట్టగానే వయొలిన్లు లేచాయి. లేచినవి మరి దిగలేదు.

అయిపోయింది.

"మళ్ళీ వెయ్యనా మాస్టారూ?"

"వద్దు."

"ఎక్కడుంది తప్పు?"

"టిఫిన్ చేశావా?"

"సాయంత్రం లోపు ఇవ్వాలి మాస్టారూ." సుధీంద్ర లాప్‌టాప్ మూసేశాడు. "సినిమా పోతే పోనీండి. కానీ నా దగ్గర ఉన్నదంతా ఇదే. ఇదే పనికిరాకపోతే లోపల ఇంకేమీ లేదు. రాత్రింబవళ్ళు తవ్వి చూసుకున్నాను. ఏమీ లేదు."

మాస్టారు లేచి చొక్కా తొడుక్కున్నారు.

"అలివేలు ఇంటికి వెళ్ళాలి. వాళ్ళమ్మాయి పోయింది, నెలైంది. నువ్వూ రా."

సుధీంద్రకి తెలీదు. అలివేలమ్మ ముప్ఫై ఏళ్ళు కోరస్ పాడింది. అతను మద్రాసులో ఉన్న రోజుల్లో, రికార్డింగ్ ఉందంటే గిన్నెడు పులిహోర తెచ్చేది, ముందు అతనికి పెట్టేది. ఒక్కతే కూతురు, శైలజ. స్కూల్లో టీచరు. నలభై ఒక్క ఏళ్ళు. స్కూల్లోనే పడిపోయిందట. ఆస్పత్రికి చేరేసరికి ప్రాణం లేదట. దారిలో మాస్టారు చెప్పింది అంతే.

రెండో అంతస్తు. ముందు గదిలో కుర్చీ మీద ఫోటో, దానికి దండ. అలివేలమ్మ కళ్ళు పొడిగా ఉన్నాయి.

"రండి మాస్టారూ." వెనక ఉన్నవాణ్ణి పోల్చుకోడానికి కాస్త టైము పట్టింది. "సుధీ! నువ్వా బాబూ?"

ఆమె ఇంకేదో చెప్పబోయింది. అంతలో సుధీంద్ర ముందుకొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఆంటీ, ఆ బాధేంటో నాకు తెలుసాంటీ. మా అమ్మ పోయి ఏడు నెలలైంది. లోపలంతా ఖాళీ అయిపోతుంది. ఎక్కడికెళ్ళినా ఏం చేసినా అదే. జనం ఏదో అంటారు, ఏదీ లోపలికి వెళ్ళదు. ఎవరికీ అర్థం కాదు..." చెబుతున్నకొద్దీ మాటలు ఇంకా ఇంకా వచ్చాయి. అన్నీ నిజమే.

అలివేలమ్మ తెరిచిన నోరు మూసుకుంది.

"అయ్యో, అమ్మ పోయిందా బాబూ? నాకెవరూ చెప్పనే లేదు. కూర్చో, ముందు కూర్చో." కొంగుతో అతని మొహం తుడిచింది. మంచినీళ్ళు తెచ్చింది. వద్దంటున్నా పళ్ళెంలో ఉప్మా పెట్టి చేతికిచ్చింది. "ఎవరి రాత ఎలా ఉంటే అలా బాబూ. మన చేతుల్లో ఏముంది? నువ్వు ధైర్యంగా ఉండాలి," అంది. ఆ మాటలన్నీ ఆమెకి నెల రోజులుగా ఎవరెవరో అప్పజెప్పినవే అయుంటాయి.

సుధీంద్ర రెండు ముద్దలు తిన్నాడు. తలెత్తితే మాస్టారు తనవైపే చూస్తున్నారు. కోపం లేదు, జాలి లేదు. సంగీతం వెయ్యని సన్నివేశాన్ని చూసే చూపు అది. పళ్ళెం పక్కన పెట్టేశాడు.

మాస్టారు చాప మీద గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఆమెని ఏమీ అడగలేదు. ఫోటో వంక కూడా పనిగట్టుకుని చూడలేదు. ఫ్యాను తిరుగుతోంది. కింద వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. అలా పది నిమిషాలు గడిచాయి. సుధీంద్రకి ఆ నిశ్శబ్దం భరించడం కష్టంగా ఉంది. ఏదో ఒకటి అందామనిపించి, అతి కష్టం మీద ఊరుకున్నాడు.

"ఆవేళ స్కూల్లో యాన్యువల్ డే మాస్టారూ," అంది అలివేలమ్మ, తనలో తను అనుకున్నట్టు.

"ఊ," అన్నారు మాస్టారు.

"నా పట్టుచీర కట్టుకెళ్తానంది. నెమలి రంగుది."

"ఊ."

"దానికి చీర కట్టుకోవడం ఎప్పుడూ సరిగ్గా రాదు. కుచ్చిళ్ళు పట్టుకోమ్మా అని నా ముందుకొచ్చి నిలబడింది. అద్దంలో ఎగుడు దిగుడుగా కనబడుతున్నాయట. నవ్వుతోంది."

సుధీంద్ర వింటున్నాడు. ఆమె మాటల్ని వింటూ వింటూ, తెలీకుండానే ఆ 'ఊ' ని వినసాగాడు. అది ప్రతిసారీ ఒకేలా లేదు. మొదటిది పొట్టిది, ఆమె గొంతు కన్నా కింది స్థాయిలో ఉంది. రెండోది ఆలస్యంగా వచ్చింది, ఆమె ఊపిరి తీసుకున్నాక. ఒక్కటి కూడా మాట మధ్యలో పడలేదు. ఒక్కటి కూడా మాటకన్నా ముందు రాలేదు.

"మోకాళ్ళు నొప్పి, వంగలేను, నువ్వే సర్దుకోవే అన్నాను మాస్టారూ. సరేలే అని వెళ్ళిపోయింది."

ఇక్కడ పడుతుంది అనుకున్నాడు సుధీంద్ర. చెవి ఒగ్గి కూర్చున్నాడు. మాస్టారు ఊ అనలేదు.

గది అలా ఆగిపోయింది. అలివేలమ్మ చేతివేళ్ళు చాప అంచుని పీకుతున్నాయి.

"వంగలేక కాదు మాస్టారూ," అంది చివరికి. "బద్ధకించాను."

అప్పుడు వచ్చింది ఏడుపు. నెల రోజుల ఏడుపు. ఎక్కడినుంచి వస్తోందో ఆమెకే తెలీనట్టు కడుపు పట్టుకుని ముందుకి వాలిపోయింది. మాస్టారు భుజం తట్టలేదు. ఊరుకో అనలేదు. దేవుడి మాట ఎత్తలేదు. చాలాసేపటి తర్వాత, ఆమెకి వినబడిందో లేదో కూడా తెలీనంత మెల్లిగా, "ఊ," అన్నారు.

వాళ్ళు లేచేసరికి ఒంటిగంట దాటింది. అలివేలమ్మ మెట్ల దాకా వచ్చింది. మొహం వాచిపోయి ఉంది. "మళ్ళీ రండి మాస్టారూ," అంది. సుధీంద్ర ఆమెకి దణ్ణం పెట్టి మెట్లు దిగాడు.

బస్ స్టాపులో ఎవరూ లేరు. రేకు కింద సన్నటి నీడ.

"మాస్టారూ, నా మ్యూజిక్ సంగతి ఏమీ చెప్పలేదు."

"మంచి పాట కట్టావురా. ఎవరు పోయారని కట్టావు?"

"అమ్మ పోయిందని," అన్నాడు సుధీంద్ర.

"మరి ఆ పిల్ల మొగుడో?"

సుధీంద్ర రోడ్డు వంక చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత ఫోన్ తీసి లోహిత్‌కి చేశాడు.

"లోహిత్ గారూ, ఆ వయొలిన్లన్నీ తీసేస్తున్నాను. ఆ అమ్మాయి క్యారియర్ అరలో పెట్టేదాకా ఏమీ వద్దు. ఆమె నోట్లోంచి ఆ చప్పుడు వచ్చాక, దాని తర్వాత మంద్రంలో ఒక్క చెల్లో వాద్యం. అంతే. నాకిప్పుడు వినబడుతోంది. రేపు పొద్దుటికల్లా..."

అవతల లోహిత్ ఏదో నసిగాడు.

"సారీ సర్. నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నా. పొద్దున వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఆ ఒక్క సీన్ కాదు సర్, మొత్తం. నాకూ ఇందాకే చెప్పారు." కాస్త ఆగి, "మీరు ఇప్పుడు చెప్పింది మాత్రం..." అన్నాడు. మాట పూర్తి చెయ్యకుండానే, ఉంటాను సర్ అని పెట్టేశాడు.

"పోయింది మాస్టారూ," అన్నాడు సుధీంద్ర.

మాస్టారు బెంచీ మీద కూర్చున్నారు. సుధీంద్ర పక్కన కూలబడ్డాడు. ఒక బస్సు వచ్చింది, వాళ్ళది కాదు. ఇంకోటి వచ్చింది, అదీ కాదు. ఎండ కాళ్ళ మీదికి పాకింది. ఆ పిల్ల గిన్నెలు కడుగుతున్న చేతులు కళ్ళ ముందు మెదిలాయి. వాటి వెనక ఇప్పుడు ఎవరు ఏం వాయిస్తారో. నలభై వయొలిన్ల రొద ఎప్పుడో అణిగిపోయింది. దాని కింద ఇన్నాళ్ళూ ఉన్నదేదో ఇప్పుడు చప్పుడు లేకుండా అలాగే ఉంది.

"ఆవేళ అమ్మ ఫోన్ చేసింది మాస్టారూ," అన్నాడు.

"ఊ."

"ఆయాసం వస్తోందని గడపలో కూర్చుని చేసిందట. పక్కింటావిడ తర్వాత చెప్పింది. రెండుసార్లు చేసింది. నేను రికార్డింగ్ థియేటర్లో ఉన్నాను. పేరు చూశాను. ఫోన్ బోర్లా పెట్టేశాను. టేక్ నడుస్తోంది మాస్టారూ."

మాస్టారు ఏమీ అనలేదు.

సుధీంద్ర ఎదురుచూశాడు. తప్పు నీది కాదని అంటారేమో అని ఎదురుచూశాడు. ఆ మాట రాలేదు. రోడ్డు మీద ఒక్క బండి కూడా లేని క్షణం ఒకటి వచ్చింది.

"టేక్ లేదు," అన్నాడు. "అప్పటికే అయిపోయింది. టీ తాగుతున్నాను."

వాళ్ళ బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

"ఊ," అన్నారు మాస్టారు.