కైక లేని రామకథ

మఠంలో కూర్మనాథస్వామి వారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. అది తెలిసీ వరాహయ్య అడిగాడు. పాపం, అడక్క ఏం చేస్తాడు?

"స్వామీ, ఇంకో పది రోజుల్లో మనవరాలి బారసాల. మా కోడలు డ్రైవింగు స్కూలు నడుపుతుంది. యుద్ధంలో మొగుడి రథం తోలిన రాణి కదా మామయ్యగారూ, పిల్లకు కైకేయి అనే పెడతానంటుంది. పళ్ళెంలో బియ్యం పోసి ఆ పేరు నా చేత్తో రాయాలట. రాముణ్ణి అడవికి పంపినావిడ పేరు! రానని చెప్పేశాను. చెప్పిన దగ్గర్నుంచి ముద్ద దిగడం లేదు. వెళ్ళనా, మాననా?"

"రేపట్నుంచి తొమ్మిది రోజులు రామకథ చదివేది నువ్వే కదా నాయనా. అంత గిట్టని పేరు నోటెందుకు రానివ్వడం? ఆవిడ ఉన్న చోటల్లా దాటేసి చదువు" అన్నారు స్వామివారు.

వరాహయ్యకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడు గొంతు సవరించుకుని అందుకున్నాడు. పాయసం దగ్గరే మొదటి చిక్కు. కైక వాటా గిన్నెలోనే ఉండిపోయింది, భరతుడు పుట్టలేదు. పోనిమ్మని ముందుకు సాగాడు. విల్లు విరిగింది, పెళ్ళయింది. దశరథుడు పట్టాభిషేకమన్నాడు. కాదనేవాళ్ళేరీ? మంథర మాత్రం ఎవరి చెవిలో ఊదుతుంది? రెండోరోజు పదిగంటలకల్లా రాముడు సింహాసనం ఎక్కి కూర్చున్నాడు. పుస్తకం చూస్తే ముప్పాతిక పైగా మిగిలే ఉంది.

ముందు వరసలోంచి ముసలి బంగారమ్మ అడిగింది. "హనుమంతుడెప్పుడొత్తాడు బాబూ?"

"రాడమ్మా."

"ఏం, ఒంట్లో బాగోలేదేటి?"

"ఆయనతో పని పడలేదమ్మా. ఇక్కడ అందరూ సుఖంగా ఉన్నారు."

"ఆళ్ళు సుకంగా ఉంటే మేమెందుకొచ్చినాం మరి? సీతమ్మతో పాటు ఏడుద్దామని ఉతికిన కోక కట్టుకొచ్చినాను."

ఇంతలో వంటాయన గరిటెతో గుమ్మంలోకొచ్చాడు. "పట్టాభిషేకం అయిపోయినట్టుంది. తొమ్మిదోనాటి పులిహోర ఇప్పుడే కలిపేయమంటారా?"

వరాహయ్య మిగిలిన కాగితాలు తిరగేశాడు. పళ్ళు ఏరుకుని శబరి, పడవ కట్టేసుకుని గుహుడు, రాళ్ళెత్తుకున్న కోతిమూక, అందరూ తన నోటి వంకే చూస్తున్నట్టనిపించింది. పుస్తకం మూసి, స్వామివారి ముందు తల వంచుకు నిలబడ్డాడు.

"మళ్ళీ మొదట్నుంచి చదువుతాను స్వామీ, ఆ తల్లితో సహా. బారసాలకూ వెళతాను. కానీ ఆ పేరు రాసేటప్పుడు చెయ్యి వణుకుతుందేమో."

"వణకనీ నాయనా" అన్నారు స్వామివారు. "అడవికి బయల్దేరుతూ రాముడు ఎవరి కాళ్ళకు దణ్ణం పెట్టాడో, ఆ చోటు కూడా దాటేశావు కదా."