మరపులమ్మ బండ మీద మిగిలిన రాయి

పూర్వం తూర్పుకనుమల నడుమ, మేఘాలు గడప దాటి ఇళ్ళలోకి వచ్చిపోయేటంత ఎత్తున, మబ్బుగట్టు అనే చిన్న పట్టణాన్ని జగ్గభూపతి అనే ధర్మపరుడైన ప్రభువు పాలిస్తుండేవాడు. ఆ పట్టణవాసుల సంగతి ఏమని చెప్పేది! తెల్లవారేసరికి ఊరు సగం ఖాళీ. అడ్డాకులు కోసేవారు, కొండచీపుళ్ళు కట్టేవారు, తేనె తీసేవారు, పశువుల వెంట పోయేవారు సరే సరి. ఏ పనీ లేని వృద్ధులు సైతం చేతికర్ర పుచ్చుకుని ఏదో ఒక శిఖరం ఎక్కి దిగితే తప్ప గంజి ముట్టేవారు కారు. పట్టపగలు ఇంట్లో కూర్చున్న మనిషి కనబడితే ఒంట్లో నలతగా ఉందేమోనని ఇరుగుపొరుగులు పరామర్శకు వచ్చేవారు. సాక్షాత్తు ప్రభువుగారే పల్లకీని అటకెక్కించి కాలినడకన తిరిగేవారంటే ఇక వేరే చెప్పాలా?

అయితే ఆ కొండలు ఎంత చల్లనివో అంత టక్కరివి. చూస్తూ చూస్తూ ఉండగానే మంచు దిగి, పక్కనున్న మనిషి పక్కవాడికి కనబడకుండా పోయేవాడు. అందుకని పెద్దలు ఒక కట్టుబాటు ఏర్పరచారు. కొండదారి మొదట, వాగు ఒడ్డున, చదునైన నల్లని బండ ఒకటి ఉండేది. పైకి పోయే ప్రతి మనిషీ వాగులోంచి ఒక గులకరాయి తీసి ఆ బండ మీద పెట్టాలి. క్షేమంగా దిగివచ్చాక ఒక రాయి తీసి మళ్ళీ వాగులో వేయాలి. పొద్దు వాలి పశువులు ఇల్లు చేరే వేళకు బండ మీద ఒక్క రాయి మిగిలినా, ఒక ప్రాణి ఇంకా కొండ మీదే ఉందన్నమాట. వెంటనే బండ కాపరి సంకరమ్మ కొమ్ము ఊదేది. ఆ కొమ్ము వినబడిందా, రాజు మొదలు కూలి వరకు ఎక్కడి పని అక్కడ వదిలి కొండ ఎక్కవలసిందే. మిగిలిన ఆ రాయిని సంకరమ్మ ఒడిలో కట్టుకుని ముందు నడిచేది. దొరికిన మనిషి చేతిలో దానిని పెట్టి, “ఇదుగో నీ రాయి, పద ఇంటికి” అనడం ఆచారం.

రాయి తీయడం మరిచి ఇంటికి పోయి, ఊరందరినీ ఆ మంచులో ఊరకే తిప్పినవాడికి మాత్రం శిక్ష ఉండేది. అటువంటి వృథా వెతుకులాటలో ఒకసారి ఒక పడుచువాడు జారిపడి చేయి విరగ్గొట్టుకున్నాడు మరి. రెండుసార్లు మరిస్తే మందలింపుతో సరి. మూడోసారి మరిస్తే ‘రాయి తీసేయడమే’. అంటే, వాడిక బతికినంతకాలం కొండ ఎక్కకూడదు.

ఆ పట్టణంలో దాలయ్య అనే సాధువైన మనిషి, అడ్డాకులు కోసుకొచ్చి విస్తళ్ళు కుట్టి జీవించేవాడు. మనసు వెన్నే గాని మతి జల్లెడ. తలపాగా తలమీదే ఉంచుకుని ఇల్లంతా గాలించిన ఘనుడు. అప్పటికే రెండుసార్లు రాయి మరిచాడు. ఇల్లాలు అచ్చియ్యమ్మ పాపం, గుర్తుండాలని అతడి బొటనవేలికి దారం కడితే, ఈ దారం ఎవరు కట్టారు చెప్మా అని దారి పొడవునా ఆలోచించి, చివరికి విప్పి పారేశాడు. కాని కొండ అంటే అతడికి ప్రాణం. ఆకుకోత అతడికి కూడు మాత్రమే కాదు. పై గాలి సోకని నాడు అతడికి అన్నం సయించేది కాదు, నిద్ర పట్టేది కాదు. అందుకే రోజూ వాగు దగ్గర చేతులు జోడించి, “అమ్మా, కాళ్ళు తీసుకుంటానన్నా ఓర్చుకుంటాను గాని, కొండ మాత్రం తీసుకోకు తల్లీ” అని వేడుకునేవాడు.

ఒక శ్రావణమాసంలో దాలయ్య యథాప్రకారం బండ మీద రాయి ఉంచి, కొండ ఎక్కి, పడమటి వాలున అదివరకెన్నడూ చూడని అడ్డతీగల గుబురు ఒకటి కనుగొన్నాడు. విశాలమైన లేత ఆకులు! ఆనందానికి పట్టపగ్గాలు లేక మోపెడు కోసుకున్నాడు. అక్కడి నుంచి చూస్తే తన ఇంటి పెరడు సూటిగా కిందనే కనబడింది. ఆ అడ్డదారినే దిగి, పెరటి తలుపు తోసి, మోపు దించి, చోడి అంబలి కడుపునిండా తాగి, విస్తళ్ళు కుట్టడానికి కూర్చున్నాడు. బండ గాని, రాయి గాని అతడి ఊహలోనే లేవు.

పొద్దు వాలింది. కొమ్ము మోగింది. దాలయ్య ఉలిక్కిపడి, “అయ్యయ్యో, ఎవరి బిడ్డో పాపం!” అంటూ కర్ర అందుకుని అందరికంటే ముందు పరుగెత్తాడు. తనను వెతకడానికి తానే పోతున్నానని ఆ వెర్రిబాగులవాడికేం తెలుసు! డప్పులు మోగిస్తూ, కేకలు వేస్తూ ఊరంతా కదిలింది. ఆ కేకల్లో దాలయ్య కేకే పెద్దది.

కొండ నడిమికి, రెండు లోయల మధ్యనున్న విశాలమైన రాతి మెట్ట మీదికి చేరాక, రివాజు ప్రకారం ప్రతి వీధి పెద్దా తన వీధివారిని పేరుపేరునా పిలిచి చూసుకున్నాడు. విచిత్రం! అన్ని వీధులవారూ ఉన్నారు. దాలయ్య కూడా తన పేరు పిలవగానే “ఆయ్, ఉన్నానండి” అని పలికాడు. ఒక్క మనిషీ తగ్గలేదు. మరి సంకరమ్మ ఒడిలో రాయి ఎవరిది? “రాయి తీయడం మరిచారా ఎవరైనా?” అంటే, దాలయ్యతో సహా అందరూ తల అడ్డంగా ఊపారు. “రాయి అబద్ధమాడదు. ఉత్తరపు లోయలో దిగి చూద్దాం” అన్నారు ప్రభువు. ఉత్తరపు చరియ వానకు నాని, కాలు మోపితే రాళ్ళు జారే చోటు. అయినా ఆరుగురు యువకులు నడుములకు తాళ్ళు బిగించుకోసాగారు.

ఆ తాళ్ళు చూస్తుండగా దాలయ్యకు తాను మోపు కట్టిన తాడు, ఇంటి వాకిట్లో పరిచిన అడ్డాకులు గుర్తొచ్చాయి. ఆకులు గుర్తొచ్చేసరికి పెరటి దారి, పెరటి దారితో బండ గుర్తొచ్చాయి. ఆ రాయి తనదే! నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కొండ తనకు దక్కుతుంది. కాని ఆ ఆరుగురిలో ఒక్కడు జారినా ఆ పాపం ఎన్ని జన్మలెత్తితే తీరుతుంది? జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, ప్రభువు పాదాల మీద పడ్డాడు.

“మహాప్రభో, తాళ్ళు విప్పించండి. ఆ రాయి నాదండి. పెరటిదారిన ఇంటికి పోయి, రాయి తీయడం మరిచి, నన్ను నేనే వెతుక్కుంటూ మీతో వచ్చానండి!”

వేరే రోజైతే ఊరు పగలబడి నవ్వేది. ఆనాడు ఒక్కరూ నవ్వలేదు. ఇది మూడోసారి అని పసివాళ్ళకు కూడా తెలుసు. డప్పులు ఆగిపోయాయి. అచ్చియ్యమ్మ కొంగు నోట కుక్కుకుంది. దాలయ్యను ఇష్టపడనివారు ఆ ఊళ్ళో లేరు. తీర్పు చెప్పవలసిన ప్రభువే తల దించుకున్నారు. అంతమంది జనం ఉన్న ఆ మెట్ట మీద, మంచు చినుకై రాలే చప్పుడు తప్ప వేరే చప్పుడు లేకపోయింది.

అప్పుడు, దక్షిణపు లోయ అడుగు నుంచి, సన్నగా, ‘టంగు... టంగు...’ అని రాతి మీద ఇత్తడి తగిలిన చప్పుడు వినవచ్చింది.

“ఓలమ్మో, ఎవరో ఉన్నారు!” అని సంకరమ్మ కేకపెట్టింది. తాళ్ళు కట్టుకున్నవారు అటు దిగారు. లోయలో, పొద చాటున, ఉప్పు గంప పక్కన ఒక స్త్రీ పడి ఉంది. పల్లపు దేశం నుంచి మొదటిసారి ఉప్పు అమ్మడానికి వచ్చిన చిలకమ్మ అనే ఆమెకు ఊరి దారీ తెలియదు, రాళ్ళ ఆచారమూ తెలియదు. ముందురోజే జారిపడి కాలు విరిగింది. అరిచి అరిచి గొంతు పోయింది. ఉప్పు కొలిచే ఇత్తడి మానికతో రాతి మీద కొడుతూ ఉంది. డప్పులూ కేకలూ సాగినంతసేపు ఆ చప్పుడు ఎవరికి వినబడుతుంది? దాలయ్య నిజం చెప్పకపోయినా, చెప్పాక ఊరు మూగబోకపోయినా ఆమె దక్కేది కాదు.

పైకి తెచ్చి, కంబళి కప్పి, వెచ్చని నీళ్ళు తాగించారు. సంకరమ్మ అలవాటు చొప్పున ఒడిలో రాయి తీసి ఆమె చేతిలో పెట్టి, “ఇదుగో నీ రాయి, పద తల్లీ ఇంటికి” అంది. అన్నాక నాలిక కరుచుకుంది. చిలకమ్మ చుట్టూ ఉన్న జనాన్ని చూసి, “ఇంతమందా? నా కోసమా?” అని బావురుమంది. ఎవరో ఆమెకు జరిగినదంతా చెప్పారు. ప్రభువు దాలయ్య వైపు తిరిగి, బరువుగా, “కట్టుబాటు కట్టుబాటే కదా దాలయ్యా” అనబోయారు.

చిలకమ్మ ఆ రాయిని రెండు చేతులా గుండెకు అదుముకుంది.

“చేతిలో పెట్టినది మళ్ళీ లాక్కుంటారా బాబూ? ఈ రాయి నాది. నాకు తెలియక నేను పెట్టలేదు, ఆ అన్న నా కోసం పెట్టాడు. నేను దొరికాను కదా, ఇంకా ఆయనదెలా అవుతుంది?” అంది, లేని గొంతు తెచ్చుకుని.

ప్రభువు కళ్ళు చెమర్చాయి. “రాయికి మనిషి దొరికింది. మరిచినవాడెవడూ లేడు” అని తీర్పు చెప్పారు. దాలయ్య ఆ తల్లి పాదాలకూ, కొండకూ కూడా మొక్కి వెక్కి వెక్కి ఏడ్చాడు. అతడి మతిని మరపించి ఒక ప్రాణాన్ని నిలిపినది ఆ కొండ మీది అమ్మవారేనని నమ్మి, జనం ఆ రాయిని బండ మీద ప్రతిష్ఠించి ‘మరపులమ్మ’ అని కొలిచారు. మతిమరుపుకు గుడి కట్టిన ఊరు భూమండలంలో ఇదొక్కటేనని పొరుగూళ్ళవారు వేళాకోళమాడితే, మబ్బుగట్టువారు ఈనాటికీ మీసం మెలేస్తారు.

ఇప్పుడు మబ్బుగట్టు చిన్న నగరమైంది. పొద్దున్నే బూట్లు బిగించి పరుగులు తీసేవారు, సైకిళ్ళు తొక్కేవారు, వీపున సంచులు వేసుకుని శిఖరాలెక్కే కాలేజీ పిల్లలు, అందరూ బండ మీద తమ రాయి పెట్టే పోతారు, దిగాక తీసే ఇంటికి పోతారు. పసుపు పూసిన ఆ ఒక్క రాయిని మాత్రం ఎవరూ తీయరు. ఏటా శ్రావణంలో ఒకనాడు పొద్దు వాలే వేళ కొమ్ము మోగుతుంది. దుకాణాలు మూస్తారు, బస్సులు ఆపుతారు, ఫోన్లు కట్టేస్తారు. ఊరంతా ఆ రాతి మెట్ట ఎక్కి నిలుస్తుంది. ఆ ఉత్సవంలో మేళం లేదు, మంత్రం లేదు. ఎవరి కోసమో తెలియదు గనుక ఏ పేరూ పిలవరు. చంటిపిల్లల తల్లులు సైతం జోకొట్టడం ఆపి, అన్ని వేలమందీ ఊపిరి బిగబట్టి, తమ ఊరివారు కాని ఒకరి కోసం చెవులొగ్గి వింటారు.